వంటింటి గడప దగ్గర పసిబిడ్డ

వంట చేసేటప్పుడు పసిపిల్లల్ని ఏమార్చటం ఎలా అన్న విషయం మీద మన పత్రికల స్త్రీల పేజీలలో సలహాలకు కరువు లేదు. బిడ్డ ముందు నాలుగు గిన్నెలూ రెండు గరిటెలూ పడెయ్యండి. చపాతీ పిండి ముద్ద ఒకటి చేతికివ్వండి. పచ్చి బఠాణీలు ఒలవమనండి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి గ్లాసుతో ఆడుకోనివ్వండి. ఇవి చెడ్డ సలహాలని నేననను. ఏడాదిన్నర బిడ్డకు అంగట్లో కొన్న బొమ్మ కన్న సత్తుగిన్నె మీద గరిటె మోతే ఎక్కువ ఆనందమిస్తుంది. నా పేచీ సలహాలతో కాదు, వాటిని ఎవరికి చెబుతున్నారన్న దానితో. ఈ వ్యాసాలన్నీ తల్లికి రాసినవే. ఆ ఇంట్లో ఇంకొక మనిషి వున్నాడనీ, అతనికి కూడా రెండు చేతులున్నాయనీ వ్యాసకర్తకు తోచదు. తోచినా, ఆయన కాస్త “సాయం” చేస్తే బాగుంటుందని చివర ఒక ముక్క అంటించి వూరుకుంటారు. తన బిడ్డను తాను చూసుకోవటం ఇంకొకరికి చేసే సాయమెట్లా అవుతుంది?

సలహాదార్లది ఒక పక్షమైతే నీతిబోధకులది రెండో పక్షం. “ఈ కాలపు తల్లులు బిడ్డ చేతిలో ఫోను పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. మా అమ్మ అరడజను మందిని పెంచుతూ ఇంటిల్లిపాదికీ వండలేదా?” అని వీరి ప్రశ్న. ఏడాది నిండని బిడ్డకు తెర అసలు చూపరాదనీ, రెండేళ్ల బిడ్డకు రోజుకు గంట దాటరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట నిజమే. ఆ మాట మీద నాకు ఎంతమాత్రం అభ్యంతరం లేదు. కాని ఆ మాటను తల్లిని కొట్టటానికి కర్రగా వాడుతున్నారే, అది అన్యాయం. “మా అమ్మ” ఒక్కతే పెంచలేదు. ఆ ఇంట్లో నాయనమ్మ వుండేది. పుట్టింటికి చేరి, తిండికీ బట్టకూ చాకిరీ చేసే విధవ మేనత్త వుండేది. ఎవరూ లేకపోతే ఎనిమిదేళ్ల ఆడపిల్ల వుండేది. తమ్ముడు ఆ పిల్ల చంకన పెరిగాడు. ఆ పిల్ల పలక అటకెక్కింది. తెర లేని ఆ స్వర్ణయుగం ఎవరి చదువును మింగి నిలిచిందో నీతిబోధకులు మరిచిపోతారు. మనం మరిచిపోరాదు.

ఈ సమస్య నిన్నా మొన్నా పుట్టింది కాదు. భాగవతం దశమ స్కంధంలో ఉలూఖల బంధన ఘట్టాన్నే తీసుకోండి. దాసీలు వేరే పనుల మీద వుండటం చేత యశోద స్వయంగా పెరుగు చిలుకుతున్నదని సంస్కృత మూలం చెబుతుంది. బిడ్డ వచ్చి పాలకు మారాం చేశాడు. ఒళ్లో పెట్టుకున్నది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. బిడ్డ కడుపు నిండకుండానే దించి పరుగెత్తింది. వాడికి కోపం వచ్చి కుండ పగలగొట్టాడు. ఆమె వెంటాడి పట్టుకుని, తాళ్లు చాలకపోయినా ఎలాగో రోలుకు కట్టి మళ్లీ ఇంటిపనిలో పడింది. వాడు రోలు ఈడ్చుకుపోయి రెండు మద్దిచెట్లు కూల్చాడు. చెట్లు కూలిన చప్పుడుకు వచ్చిన నందుడు చిరునవ్వు నవ్వి కట్లు విప్పాడు.

మన పండితులు దీనిలో వాత్సల్య రసం చూశారు, భక్త సులభుడైన భగవంతుణ్ణి చూశారు. నేను చూసేది ఇది: ఒక పొయ్యి, ఒక కవ్వం, ఒక బిడ్డ, వీటన్నిటి మధ్య ఒకే ఒక ఆడమనిషి. ఆమెకు మిగిలిన ఉపాయం తాడు. కట్టిన అపకీర్తి తల్లిది. అంతా అయిపోయాక వచ్చి, నవ్వి విప్పిన మంచితనం తండ్రిది. ఈనాటికీ మన ఇళ్లలో ఈ పాత్రల పంపకం పెద్దగా మారలేదు.

యంత్రయుగం వచ్చాక తాడు స్థానంలో మందు వచ్చింది. మిల్లులకు పోయే ఇంగ్లండు కార్మిక స్త్రీలు పసిబిడ్డలకు నల్లమందు కలిసిన ద్రావకాలు పట్టిన సంగతి మార్క్స్ “కాపిటల్” మొదటి సంపుటంలో ప్రస్తావించాడు. 1920ల నాటి బొంబాయి నూలుమిల్లులలోనూ ఇదే జరిగింది. నల్లమందు మాత్ర వేసి, బిడ్డను నిద్రపుచ్చి తల్లులు పనికి పోయేవారు. పెద్దమనుషులు అప్పుడు కూడా తల్లుల అజ్ఞానాన్నే తిట్టారు. ఫోనూ నల్లమందూ ఒకటేనని నేననను. కాని రెండూ ఒకే చోట పుట్టాయి: పని ఆగదు, బిడ్డను చూసే రెండో మనిషి లేడు. ఆ స్థితిని వదిలేసి మందునో తెరనో తిట్టటమంటే, రోగాన్ని వదిలి మూలుగును తిట్టటమే.

రెండో మనిషి లేడన్నది నా కల్పన కాదు. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వే చూడండి. ఆరేళ్లు దాటినవారిలో జీతం లేని ఇంటిపని చేసినవారు ఆడవాళ్లలో నూటికి 81 మంది. మగవాళ్లలో 26 మంది. ఆ చేసినవారిలో కూడా ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు చేశారు. మగవాళ్లు 97 నిమిషాలు. అయిదేళ్ల తరువాత, 2024లో మళ్లీ లెక్క వేశారు. ఆడవాళ్లకు 289 నిమిషాలు, మగవాళ్లకు 88. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయని ఎవరైనా సంతోషిస్తే, మగవాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయని గుర్తు చేయవలసి వస్తుంది. అంటే ఈ వైపు దిగిన బరువును ఆ వైపు ఎవరూ ఎత్తుకోలేదు.

ఇప్పుడు మొదటి సలహాల దగ్గరకు మళ్లీ వద్దాం. బిడ్డకు ఆట కాదు, పని కావాలన్నది నిజం. మాంటిస్సోరీ 1939లో మద్రాసు వచ్చి మన ఉపాధ్యాయులకు నేర్పిన పాఠాలలో ఇదొకటి. గింజలు ఒక గిన్నెలో నుంచి ఇంకో గిన్నెలో పోయటం, నీళ్లు వంచటం, తుడవటం బిడ్డ చేతులకూ బుద్ధికీ చదువే. కాని ఆచరణలో ఏమవుతుంది? రెండేళ్ల బిడ్డ చిక్కుడుకాయలు తుంచటానికి కూర్చుంటే పది కాయలకు పావుగంట పడుతుంది. తుంచినవి నేల మీద, నారలు నోట్లో. ఎవరో పక్కన కూర్చుని, గింజ ముక్కులో దూర్చుకోకుండా చూడాలి. గంజి వార్చేటప్పుడు, పోపు చిటపటలాడేటప్పుడు దూరంగా తీసుకుపోవాలి. బిడ్డతో కలిసి వండటానికి మామూలు వంటకు పట్టే కాలానికి రెట్టింపు పడుతుంది. ఎనిమిదింటికి క్యారేజీ కట్టి, తొమ్మిదింటికి బస్సెక్కవలసిన స్త్రీకి ఆ కాలం ఎవరిస్తారు? తీరిక వున్నవాళ్లకు మాత్రమే పనికివచ్చే సలహాను తీరిక లేనివాళ్లకు చెప్పి, వారు పాటించలేకపోతే తప్పు వారి మీదనే తోసెయ్యటం ఈ సాహిత్యం చేసే అసలు అపకారం.

మన శిబిరంలో వున్న మిత్రుల సంగతి కూడా చెప్పాలి. “ఇవన్నీ చిల్లర సమస్యలు, వ్యవస్థ మారితే ఇవీ పోతాయి” అని ఒక సభలో ఒక పెద్దాయన నాతో వాదించారు. లెనిన్‌కు ఇది చిల్లర సమస్యగా కనిపించలేదు. 1919లో సుబోత్నిక్కుల గురించి రాసిన చిన్న పుస్తకంలోనే ఆయన వంటింటి చాకిరీ స్త్రీని ఎలా నలిపేస్తుందో చెప్పి, సామూహిక భోజనశాలలనూ శిశుగృహాలనూ కొత్త సమాజపు మొలకలుగా లెక్కించాడు. మరుసటి ఏడు క్లారా జెట్కిన్‌తో మాట్లాడుతూ, కార్మికులలో కూడా భార్య భారాన్ని పంచుకునే భర్తలు అరుదని నిష్ఠూరమాడాడు. వ్యవస్థ మారేదాకా ఆగమనే మిత్రులు ఒక సంగతి ఆలోచించాలి. సాయంత్రం వంటవేళ మహిళా సభ పెట్టి, ఆడవాళ్లు రావటం లేదని వాపోతాం. ఆ వేళకు బిడ్డ ఎవరి చంకన వుంటుందో విచారించం.

సమాజం చేయవలసింది ఏమిటో కూడా కొత్తగా కనిపెట్టనక్కరలేదు. తారాబాయి మోడక్ 1945లో బొంబాయికి దూరంగా బోర్డీ అనే పల్లెలో బాలశిక్షణ మొదలుపెట్టి, బడికి రాలేని బిడ్డల కోసం బడినే వాళ్ల వాకిళ్లకు నడిపించింది. అంగన్‌వాడీ అన్న ఊహకు పునాది అది. 1975 అక్టోబరు 2న ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకం పెట్టి ఆ పేరును దేశమంతటా వాడింది. కాని ఆ పని చేసే స్త్రీలను కార్మికులుగా గుర్తించక, గౌరవ వేతనంతో సరిపెట్టింది. వారికి గ్రాట్యుటీ హక్కు వున్నదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్మికులు వేతనం కోసం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. ప్రభుత్వం వారి మీద ఎస్మా ప్రయోగించింది. పసిబిడ్డను చూడటం అత్యవసర సేవ అని సర్కారు ఒప్పుకున్నది సమ్మెను అణచటానికే తప్ప, జీతమివ్వటానికి కాదు.

చట్టాల కథ కూడా ఇటువంటిదే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం శిశుగృహాన్ని ఆడ కార్మికుల సంఖ్యను బట్టి లెక్కకట్టింది. అంటే మగ కార్మికుడికి బిడ్డలుండరు కాబోలు! ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ఆ లెక్కను 50 మంది ఉద్యోగులకు మార్చింది. ఇది ముందడుగే. కాని రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే వీలు మాత్రం తల్లికే ఇచ్చింది. ఇళ్లలో పాచిపని చేసే స్త్రీకి, కూలికి పోయే స్త్రీకి అదీ లేదు. పరాయి బిడ్డ ఏడవకుండా చూస్తూ పరాయి ఇంట్లో వండే మనిషి బిడ్డను ఎవరు చూస్తున్నారు?

సాహిత్యం దగ్గర ముగిస్తాను. విమల “వంటిల్లు” కవితా, పి. సత్యవతి “ఇల్లలకగానే” కథా వచ్చాక, వంటిల్లు కవితావస్తువు కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాని ఆ గదిని రాసింది స్త్రీలు. మగ రచయితల నాయకులు పొలంలో, ఫ్యాక్టరీలో, జైలులో కనిపిస్తారు. అన్నం ఉడుకుతున్నంతసేపూ బిడ్డను ఎత్తుకుని తిప్పే పనిలో మాత్రం కనిపించరు. నా కోర్కెలు మూడే. సాయంత్రం వంటవేళ దాకా తలుపు తెరిచి వుండే శిశుగృహం ప్రతి పేటలోనూ, అందులో పనిచేసే మనిషికి పూర్తి వేతనం. ఇంట్లో, వండే మనిషి వేరు, బిడ్డను చూసే మనిషి వేరు కావటం. రోజు మార్చి రోజు ఆ పనులు చేతులు మారటం. మొదటి రెండింటికీ పోరాటం కావాలి, అది రేపటిదాకా సాగవచ్చు. మూడోది మన రచయితల నుంచి: ఆ వేళను రాయటం. రాయటానికి ముందు ఆ వేళకు ఇంట్లో వుండటం. దీనికి ఏ చట్టమూ రావలసిన పని లేదు.