కాలాపానీ వెళ్ళిన ఆడవాళ్ళు

రాంనగర్‌లో మా వీధి చివర ఒక చిన్న గదిలో కొంతమందిమి నెలకోసారి కలుసుకుంటాం. పోయిన నెల జైళ్ళలో ఉన్న స్త్రీల గురించి మాట్లాడుకున్నాం. ఖైదీల కేసులు చూసే ఒక కార్యకర్త ఇలా అంది: "మగవాడు జైల్లో ఉంటే తల్లీ పెళ్ళాం ములాఖత్‌కి పరుగెత్తుకొస్తారు. ఆడదాని కోసం ఎవరొస్తారక్కా? వీళ్ళకి ఉన్న ఊళ్ళోనే అండమాను."

అండమాన్ అనగానే మనకు గుర్తొచ్చేది వీరపురుషులు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీ మీద దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌కి బ్రిటిష్ వాళ్ళు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష వేశారు. ఆయన మళ్ళీ హైదరాబాద్ చూడలేదు. అల్లూరి సీతారామరాజు సహచరుడు గాం మల్లుదొర అండమాన్ జైలు నుంచి తిరిగొచ్చి, 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. వీళ్ళ త్యాగాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రెసిడెన్సీ భవనంలోనే నడిచిన మహిళా కళాశాలలో చదువుకున్న తరాల ఆడపిల్లలకి, ఆ ఓడల్లో స్త్రీలు కూడా వెళ్ళారని ఎవరు చెప్పారు?

1858 మార్చిలో పోర్ట్ బ్లేయర్‌కి మొదటి ఖైదీల ఓడ చేరింది. కొద్దికాలానికే స్త్రీలను కూడా పంపడం మొదలుపెట్టారు. వాళ్ళలో చాలామంది భర్తనో, కన్నబిడ్డనో చంపారన్న నేరం మీద వెళ్ళినవాళ్ళు. ఈ నేరాల వెనక ఎలాంటి జీవితాలున్నాయో 1881 నాటి సూరత్ కేసు చెబుతుంది. విజయలక్ష్మి అనే యువ బ్రాహ్మణ వితంతువుకి శిశుహత్య నేరం కింద ఉరిశిక్ష పడింది. అది ముందు ద్వీపాంతరవాసంగా, చివరికి ఐదేళ్ళ శిక్షగా తగ్గింది. ఈ కేసు మీద పత్రికల్లో స్త్రీల గురించి వచ్చిన రాతలకు ఆగ్రహించే తారాబాయి షిండే 1882లో 'స్త్రీ పురుష తులన' రాసింది. ఆ 1881 డిసెంబరులోనే వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. బిడ్డ చావుకి చట్టం తల్లిని నిలదీసింది. ఆ తల్లికి బిడ్డతో బతికే చోటు లేకుండా చేసిన కులమూ కుటుంబమూ మాత్రం బోనెక్కలేదు.

దీవికి చేరాక ఏమైంది? ప్రభుత్వానికి అక్కడ జైలు ఒక్కటే చాలలేదు, స్థిరపడే ఊళ్ళు కావాలి. ఊళ్ళు కావాలంటే సంసారాలుండాలి. నడవడిక బాగుందనుకున్న మగ ఖైదీలకి సొంతంగా బతికే అనుమతి ఇచ్చి, స్త్రీ ఖైదీలను పెళ్ళాడనిచ్చారు. మగవాడు తన పనితో జైలు బయటికొస్తే, ఆడదానికి ముఖ్యమైన దారి మగవాడి చెయ్యి పట్టుకోవడమే. సంసారంలో నలిగి నేరస్థురాలైన మనిషికి మళ్ళీ సంసారమే విడుదల పత్రం! దీన్ని సంస్కరణ అన్నారు.

1919-20 జైళ్ళ కమిటీ ఈ శిక్షను ఎత్తెయ్యాలని సిఫారసు చేసింది. 1956 జనవరి 1 నుంచి మన చట్టంలో 'ద్వీపాంతరవాసం' పోయి 'యావజ్జీవ ఖైదు' వచ్చింది. మాట మారింది సరే, ఆడదాని విడుదల ఇంకొకరి చేతిలో ఉండడం పోయిందా? బెయిలు విషయంలో స్త్రీలను ప్రత్యేకంగా పరిగణించవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉంది, 2024 నుంచి అమలవుతున్న కొత్త చట్టంలోనూ ఉంది. కానీ కోర్టు జామీనుదారులను తెమ్మంటే, పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ వదిలేసిన స్త్రీ ఎవరిని తెస్తుంది? బెయిలు మంజూరైనా జైల్లోనే ఉండిపోవాల్సి వస్తుంది. పెరోల్‌కీ పూచీ పడే మనిషి కావాలి.

జైళ్ళకు వెళ్ళే మిత్రులు ముందుగా చెయ్యాల్సింది, ములాఖత్‌కి ఎవరూ రాని స్త్రీలెవరో తెలుసుకోవడం. వాళ్ళ పేర్లు న్యాయసేవా సంస్థల ముందు పెట్టాలి. సొంత పూచీకత్తు మీద వదలమని కోర్టులను అడగాలి. బయటికొచ్చిన రోజు రాత్రి తలదాచుకునే చోటు కూడా మనమే ఆలోచించాలి, ఎందుకంటే ఇంటివాళ్ళు రానివ్వరేమోనన్న భయమే చాలామందిని జైల్లో నోరు మూసుకుని ఉండేలా చేస్తుంది.

కుటుంబం తలుపు తెరిస్తేనే జైలు తలుపు తెరుచుకోవడం హక్కు అనిపించుకోదు. ఆ రెండు తలుపులకీ మధ్య ఉన్న ముడిని విప్పడం మన పని.