సంఖ్య దొరికిన అక్షరాలు

గినీ దేశపు ఎన్జెరెకోరె పట్టణంలో, 1980ల చివర, ఇబ్రహీమా, అబ్దులాయె బారీ అనే అన్నదమ్ములు బడి వయసులోనే ఫులానీ భాషకు సొంత లిపి తయారుచేశారు. చేతిరాత పుస్తకాలుగా ఊళ్లు దాటిన ఆ అడ్లం లిపికి 2016లో కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ చోటిచ్చింది.

చోటంటే అక్షరానికో సంఖ్య. తెలుగు 'అ'ది 3077. అడ్లం పెద్దక్షరం అలిఫ్‌ది 1,25,184. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటిదానికి మూడు బైట్లు, రెండోదానికి నాలుగు. 65,535 దగ్గరే లెక్క ఆపేసిన పాత ప్రోగ్రాములు అలిఫ్‌ను చూసి తెల్లమొహం వేశాయి.

సంఖ్య వస్తే సరా? కుడి నుంచి ఎడమకు సాగే ఆ రాతలో అక్షరాలను కలిపి చూపాల్సింది ఫాంటు, టైపు చేయనివ్వాల్సింది కీబోర్డు. సొంత లిపిని తెరకెక్కించుకున్నవాళ్ల ఈ పట్టుదలే ఈ సంచిక రచనలన్నింటినీ కలిపే దారం. ఇక్కడ సాంకేతిక వివరాల కన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు. మేం కోరుకున్నదీ అదే.