తాడిపత్రిలో ఒక్క పగలు

పొద్దున రైలు దిగారు, మళ్లీ సాయంత్రం రైలెక్కాలి. పిల్లలు, అవ్వాతాతలతో తాడిపత్రిలో ఆ పగలు ఎలా గడపాలి?

ముందు ఉగ్గాని, బజ్జీలతో కడుపు నింపండి. ఎండ ముదరకముందే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఆపై చింతల వెంకటరమణస్వామి గుడి, అక్కడి రాతిరథం చూసేయండి. మధ్యాహ్నం గుడి మూస్తారు, రాతి నేల పాదాలను కాల్చేస్తుంది.

తేలిగ్గా భోంచేసి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బెలుం గుహలకు బయల్దేరండి. లోపల ఎండ లేకున్నా ఉక్కపోత తప్పదు; వెళ్లేముందు అందరూ నీళ్లు తాగండి. మెట్లు దిగాలి, వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్న అవ్వను బలవంతపెట్టొద్దు. ఆమెకు తోడుగా ఒకరు పైనే ఉండి, తర్వాత వంతు మార్చుకోండి.

అన్నీ చూడకపోయినా ఫర్వాలేదు. రైలుకు గంట ముందే ఊళ్లో ఉండండి.