రెండో సబ్జెక్టు ఏది?

ఇంటర్ ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ ఖానాపూర్ ఇంటర్నెట్ కేంద్రాల వద్ద ఒకే దృశ్యం. డిగ్రీ ప్రవేశాల 'దోస్త్' దరఖాస్తు నింపించడానికి తండ్రి, బిడ్డ వస్తారు. ఏ గ్రూపు అని అడిగితే, "కంప్యూటర్ ఉన్నది ఏదైనా పెట్టండి భాయ్" అంటాడు తండ్రి. మూడేళ్ళ చదువు ఐదు నిమిషాల్లో నిర్ణయమైపోతుంది.

ఆ తండ్రిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పిల్లలు తనలా కష్టపడకూడదన్న ఆరాటమే ఆయన చేత ఆ మాట అనిపిస్తోంది. కానీ కంప్యూటర్ ఒక పనిముట్టు మాత్రమే. దాన్ని దేనికి ఉపయోగించాలో తెలిపేది దానితో జతచేసే రెండో సబ్జెక్టు. మా ఉద్యోగకాలంలోనే టైపురైటరు పోయి కంప్యూటర్ వచ్చింది. టైపు ఒక్కటే తెలిసినవారు వెనుకబడ్డారు. ఫైలు, నిబంధన తెలిసినవారికి ఆ యంత్రం తోడైంది. నేడు కృత్రిమ మేధ మామూలు ప్రోగ్రాములను తానే రాస్తోంది. కోడింగ్ ఒక్కటే నేర్చిన మన పిల్లలకు రేపు అదే పరిస్థితి ఎదురుకావచ్చు.

జత కుదిర్చే అవకాశం మన దగ్గరి డిగ్రీ చదువుల్లోనే ఉంది. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో వాణిజ్యం తోడవుతుంది. బీఎస్సీలో గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ కలిసిన గ్రూపు డేటా విశ్లేషణకు గట్టి పునాది. అయితే ఇంటర్‌లో గణితం వదిలేసిన వారికి ఈ గ్రూపు అందదు. కనుక అసలు నిర్ణయం పదో తరగతి తర్వాతే జరుగుతోందని తల్లిదండ్రులు గ్రహించాలి.

సీఈసీ చదివినంత మాత్రాన అన్ని దారులూ మూసుకుపోవు. మద్రాస్ ఐఐటీ 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి, ఇంటర్ ఉత్తీర్ణులైతే చాలు. నాలుగు వారాల పాఠాల తర్వాత అర్హత పరీక్ష ఉంటుంది. ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఉంది. పరీక్షలకు మాత్రం కేంద్రాలకు వెళ్ళాలి. ఏకకాలంలో రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. ఊరి దగ్గరి కళాశాలలో బీకాం చదువుతూనే ఈ డిగ్రీ కూడా చేయవచ్చు. హాస్టల్‌కు పంపలేమంటూ ఆడపిల్లల చదువు ఆపేవారికి ఇక దూరం సాకు కారాదు.

మనం లెక్కలోకి తీసుకోని సంపద మరొకటుంది. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ, తరగతిలో ఇంగ్లీషు చదువుతారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌ను, యంత్రానికి భాష నేర్పే శాస్త్రాన్ని కలిపి బోధించే జంట డిగ్రీ ఉంది. భారతీయ భాషల అనువాదం కోసం కేంద్రం 2022లో 'భాషిణి'ని ప్రారంభించింది. మూడు భాషలు తెలియడం భారం కాదు, అర్హత.

మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు మా విన్నపం ఒక్కటే. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే తల్లులనూ పిలిచి ఒక సమావేశం పెట్టండి. ఊరిలో డిగ్రీ చదువుతున్న మన పిల్లల చేతనే మాట్లాడించండి. ఆడపిల్లలు కూర్చుని చదువుకునేందుకు రెండు కంప్యూటర్లున్న ఒక గది ఇవ్వండి. హక్కుల కోసం మనం చేసే పోరాటం ఎంత ముఖ్యమో, చేతికందిన అవకాశాన్ని తెలిసి ఎంచుకోవడమూ అంతే ముఖ్యం.