ఓటరు బోడి మల్లయ్యేనా?

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత పల్లె ప్రజలకు కొత్త కాదు. ఎన్నికల ఏరు దాటిన నాయకులు పార్టీ మారినప్పుడల్లా ఓటరుకు దక్కుతున్నది ఆ రెండో పేరే.

గోలేటి ఓటర్లున్న ఆసిఫాబాద్ నియోజకవర్గమే ఇందుకు తార్కాణం. 2018 డిసెంబరు ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి ఆత్రం సక్కు, తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి కోవ లక్ష్మిపై కేవలం 171 ఓట్ల ఆధిక్యతతో గెలుపొందారు. గనికార్మికుల క్వార్టర్లు నాలుగు వరుసలు తిరిగితే దొరికే ఓట్లవి. మూడు నెలలు నిండకముందే, 2019 మార్చిలో, తాను ఓడించిన పార్టీలోనే చేరనున్నట్లు ఆయన ప్రకటించారు. జూన్‌లో 18 మంది కాంగ్రెస్ శాసనసభ్యులలో 12 మంది కలిసి వెళ్లగా స్పీకర్ విలీనాన్ని ఆమోదించారు. మూడింట రెండు వంతుల మంది ఒక్కటైతే ఫిరాయింపుల నిరోధక చట్టం అడ్డురాదు.

అధికారపక్షంలో ఉంటేనే పనులు జరుగుతాయన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ మాట ఓట్లడిగే నాడే చెప్పాలి. లేదా రాజీనామా చేసి తిరిగి ప్రజల తీర్పు కోరాలి.

మరి ఓటర్లేమన్నారు? ఆ 12 మందిలో 2023లో గెలిచినవారు ఇద్దరే. తొమ్మిది మంది ఓడిపోయారు. అయితే ఇదంతా ఫిరాయింపుకు విధించిన శిక్ష అనడానికి వీలులేదు. గెలిచిన ఇద్దరి స్థానాలూ హైదరాబాద్ పరిసరాలలోనివి. ఆ ప్రాంతంలో వారి పార్టీ గాలే వీచింది. మిగిలిన చోట్ల చాలావరకు కాంగ్రెస్ గాలి వీచింది. ఇక పన్నెండో వ్యక్తి సక్కు. ఆయనకు ఆసిఫాబాద్ టికెట్టే రాలేదు. పార్టీ కోవ లక్ష్మిని నిలబెట్టగా ఆమె గెలిచారు. అంటే 171 ఓట్ల మెజారిటీ ఇచ్చినవారికి ఆ ఎన్నికల్లో జవాబు చెప్పే అవకాశమే దొరకలేదు. 2024లో ఆయన ఆదిలాబాద్ లోక్‌సభకు పోటీచేసి మూడో స్థానంలో నిలిచారు. అప్పటికి అయిదేళ్లు గడిచిపోయాయి.

ఈ జాడ్యం ఒక్క పార్టీది కాదు. 2023 తరువాత గాలి మారింది. భారత రాష్ట్ర సమితి తరఫున గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న ఫిర్యాదులపై మూడు నెలలలో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించవలసి వచ్చింది.

శాసనసభ్యుని మధ్యలో వెనక్కు పిలిచే హక్కు ఓటరుకు లేదు. ఉన్నది అడిగే హక్కే. దానిని ఫలితాల తరువాత గాక, ప్రచారానికి వచ్చిన నాడే, ఊరందరి ఎదుట వాడుకోవాలి. "పార్టీ మారితే రాజీనామా చేస్తారా?" అని ప్రతి అభ్యర్థిని నిలదీయాలి. నోటు పుచ్చుకున్న చేయి ఆ ప్రశ్న వేయలేదన్నది కూడా మరువరాదు. 171 ఓట్లతో గెలుపోటములు తేలే చోట ఒక్క వాడ నిలబడి అడిగినా ఏ నాయకుడూ వినకుండా పోలేడు.