బ్లాకుల ఆటతో సైన్స్ బోధన: పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం

విషయం: 8, 9 తరగతుల సైన్స్ పాఠాలకు కంప్యూటర్ ఆటను వాడుకోవడం.

పిల్లల చేత ‘మైన్‌క్రాఫ్ట్’ మాన్పించడం ఎలాగన్న చర్చతో మొదలైన నేటి సమావేశం, సైన్స్ ఉపాధ్యాయులు ఆ ఆటను తెరమీద చూపించాక వేరే దారి పట్టింది. అందులో రెడ్‌స్టోన్ పొడిని పరిచి తీగలా వాడతారు. సంకేతం 15 గళ్లు దాటదు. దాటాలంటే మధ్యలో రిపీటర్ పెట్టాలి. రెడ్‌స్టోన్ కాగడా తనకు అందిన సంకేతాన్ని తలకిందులు చేస్తుంది. ఇలాంటివి కలిపి పిల్లలు తలుపు తాళాలే కాదు, కూడికలు చేసే యంత్రాలు కూడా కడుతున్నారు. ఆ యంత్రాల్లో సంకేతాలను కలిపి ఫలితం తేల్చే భాగాలే లాజిక్ గేట్లు. బడుల కోసం తెచ్చిన ఎడ్యుకేషన్ ఎడిషన్‌లోనైతే 118 మూలకాలూ ఉన్నాయి.

అయితే ఆ లోకానికి నియమాలు రాసింది మనుషులు. అక్కడ ఇసుక కిందపడుతుంది, రాయి గాల్లో నిలబడుతుంది. మొదలు నరికినా చెట్టు పైభాగం అలాగే వేలాడుతుంది. పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలే. మన రోజు కంటే 72 రెట్లు వేగం. ఈ తేడాల దగ్గరే అసలు పాఠం ఉందని కమిటీ గట్టిగా నమ్ముతోంది. ఊహించడం, కట్టి చూడటం, తప్పితే మార్చి మళ్లీ చూడటం ప్రయోగమే. కానీ ఆట నియమాన్ని ప్రకృతి నియమంతో పోల్చి చూడమనే టీచరు పక్కన లేకపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది.

కావున వారానికి ఒక సైన్స్ పీరియడును కంప్యూటర్ గదిలో ఇలా నడపాలని తీర్మానించడమైనది. ఎడ్యుకేషన్ ఎడిషన్‌కు లైసెన్సు సొమ్ము కట్టాలి గనుక, అదే తరహాలో ఉచితంగా దొరికే ‘లువాంటి’ని, సర్క్యూట్ల కోసం దానికి జోడించే ‘మెసెకాన్స్’ను వాడాలి. ఆట ఆ గదిలోని కంప్యూటర్ల మధ్యే సాగాలి. బయటి సర్వర్లతో కలపకూడదు.

తెరమీద కట్టిన సర్క్యూట్‌ను అదే వారం బ్యాటరీ, స్విచ్చులు, బల్బుతో బల్లమీద కట్టించాలి. స్విచ్చులను శ్రేణిలో ఒకసారి, సమాంతరంగా మరోసారి కలిపి బల్బు ఎప్పుడు వెలుగుతుందో చూడాలి. ఆట ఎక్కడ నిజంతో సరిపోయిందో, ఎక్కడ సరిపోలేదో ప్రతి విద్యార్థీ తన మాటల్లో రాయాలి.

ఇద్దరికో కంప్యూటరు ఇచ్చినప్పుడు మౌసు మగపిల్లల చేతిలోనే ఉండిపోతోందని తల్లులు చెప్పారు. ఇది చిన్న విషయం కాదు. సగం పీరియడు కాగానే చేతులు మారేలా చూసే బాధ్యత ఉపాధ్యాయులదే.

ప్రయోగశాల సామగ్రికి కేటాయించిన డబ్బులో ఒక్క రూపాయి కూడా ఈ పథకానికి మళ్లించరాదు. వేసవి సెలవులకు ముందు విద్యార్థుల నోటు పుస్తకాలను కమిటీ ముందుంచాలి. పథకాన్ని కొనసాగించాలా వద్దా అన్నది వాటిని చదివాకే నిర్ణయించడం జరుగుతుంది.