సర్వేకు అందని ఓటు

ఎన్నికల ఫలితాలు సర్వేల అంచనాలను తలకిందులు చేసినప్పుడల్లా ఓటరు మనసులో ఒకటి పెట్టుకుని పైకి మరొకటి చెప్పాడన్న నింద వినిపించడం ఆనవాయితీగా మారింది. ఈ నిందకు విస్తృత ప్రచారం కల్పించినవి అమెరికా గవర్నర్ ఎన్నికలే. అక్కడి రాజకీయ పరిభాషలో నాలుగు దశాబ్దాలుగా నలుగుతున్న ‘బ్రాడ్లీ ప్రభావం’ అన్న మాట అలా పుట్టినదే. నల్లజాతి అభ్యర్థికి ఓటు వేస్తామని సర్వేకర్తకు చెప్పి, బ్యాలెట్ మాటున శ్వేతజాతి అభ్యర్థికి వేసే ఓటర్ల ధోరణికి అది పెట్టిన పేరు. అయితే ఆ పేరుకు మూలమైన ఎన్నికను నిశితంగా పరిశీలిస్తే, ఓటరు ఆడిన అబద్ధం కన్నా సర్వేకర్తలు లెక్కలోకి తీసుకోని ఓట్లే ప్రస్ఫుటంగా కనిపిస్తాయి.

గవర్నర్ అనగానే మన పాఠకులకు రాజ్‌భవన్ గుర్తుకు రావడం సహజం. భారత రాజ్యాంగం 155వ అధికరణం ప్రకారం గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ఆ నియామకానికీ ఓటరుకూ సంబంధం లేదు. అమెరికాలో గవర్నర్ మన ముఖ్యమంత్రి వలె రాష్ట్ర ప్రభుత్వానికి అధినేత. పైగా శాసనసభ్యుల మద్దతుతో కాక రాష్ట్రంలోని ఓటర్లందరి ప్రత్యక్ష తీర్పుతో ఆ పదవిలోకి వస్తారు. అందువల్ల అక్కడి సర్వేకర్త పని మన దేశంలోని సర్వేకర్త పనికన్నా ఎంతో తేలిక. ఓట్ల శాతాన్ని సీట్లుగా మార్చే చిక్కు లెక్క ఆయనకు లేదు. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం, సాధారణంగా ఇద్దరే ప్రధాన ప్రత్యర్థులు. ఎవరికి ఎంత శాతమో చెబితే చాలు. అంత తేలికైన చోట కూడా లెక్క తప్పడమే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

1982 నవంబర్ 2న కాలిఫోర్నియాలో జరిగిన పోలింగ్ ఇందుకు మొదటి ఉదాహరణ. డెమొక్రాటిక్ అభ్యర్థి టామ్ బ్రాడ్లీ 1973 నుంచి లాస్ ఏంజెలిస్ మేయర్‌గా ఉన్నారు. అంతకు ముందు అదే నగరంలో పోలీసు అధికారిగా పనిచేశారు. గెలిస్తే అమెరికా చరిత్రలో గవర్నర్‌గా ఎన్నికైన తొలి నల్లజాతీయుడు అయ్యేవారు. ఆయన ప్రత్యర్థి రిపబ్లికన్ పార్టీకి చెందిన రాష్ట్ర అటార్నీ జనరల్ జార్జ్ డ్యూక్‌మేజియన్. ఆయన కూడా వలస వచ్చిన ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టినవారే. ప్రచారం పొడుగునా సర్వేలు బ్రాడ్లీకే ఆధిక్యం చూపాయి. పోలింగ్ నాటి రాత్రి, 1947 నుంచి ఆ రాష్ట్రంలో సర్వేలు నిర్వహిస్తూ వచ్చిన మెర్విన్ ఫీల్డ్ తమ ఎగ్జిట్ పోల్ ఆధారంగా బ్రాడ్లీ గెలుస్తున్నారని ప్రకటించారు. లెక్కింపు పూర్తయ్యేసరికి డ్యూక్‌మేజియన్ 93,345 ఓట్ల తేడాతో గెలిచారు. పోలైన 78 లక్షలకు పైగా ఓట్లలో అది ఒకటింబావు శాతమైనా లేదు.

ఓటర్లు అబద్ధమాడారన్న వాదనకు తోడ్పడే సంఘటన ఒకటి ఆ ప్రచారంలోనే జరిగింది. నల్లజాతి అభ్యర్థి పట్ల వ్యతిరేకతను సర్వేలో పైకి చెప్పనివారు అయిదు శాతం వరకు ఉండవచ్చునని డ్యూక్‌మేజియన్ ప్రచార నిర్వాహకుడు బిల్ రాబర్ట్స్ అక్టోబర్‌లో విలేఖరులతో అన్నారు. ఆ మాట పెద్ద దుమారం లేపడంతో ఆయన ప్రచార బాధ్యతల నుంచి తప్పుకోవలసి వచ్చింది. నెల తిరగకుండా వచ్చిన ఫలితం ఆయన జోస్యాన్నే నిజం చేసినట్లు కనిపించింది. పత్రికలకు అంతకన్నా ఏం కావాలి? ఒక జాతి కథ, ఒక రహస్యం, ఒక ఓటమి. ‘బ్రాడ్లీ ప్రభావం’ సిద్ధాంతంగా స్థిరపడిపోయింది.

అయితే ఫీల్డ్ ఎగ్జిట్ పోల్ నిజానికి అంత తప్పు కాదు. పోలింగ్ కేంద్రాలకు వచ్చి ఓటు వేసినవారిలో బ్రాడ్లీకే ఆధిక్యం వచ్చింది. ఆయనను ఓడించినవి తపాలాలో వచ్చిన ఓట్లు. కాలిఫోర్నియాలో 1978 నుంచి ఏ కారణమూ చూపకుండా ఎవరైనా తపాలా ద్వారా ఓటు వేయడానికి వీలు కలిగింది. ఈ వెసులుబాటు విలువను రిపబ్లికన్ పార్టీ ముందుగా గ్రహించింది. తమ పార్టీ ఓటర్ల ఇళ్లకు తపాలా ఓటు దరఖాస్తులను పెద్ద ఎత్తున పంపింది. అలా వచ్చిన బ్యాలెట్లు మొత్తం ఓట్లలో ఆరేడు శాతానికి మించకపోయినా, వాటిలో డ్యూక్‌మేజియన్‌కు లభించిన మొగ్గు ఫలితాన్ని తిప్పివేసింది. పోలింగ్ కేంద్రం గుమ్మం ముందు కాగితం పట్టుకుని నిలబడిన సర్వేకర్తకు ఇంట్లో కూర్చుని కవరు అంటించిన ఓటరు ఎలా కనిపిస్తాడు?

ఇంకొక కారణమూ ఉంది. అదే రోజు అదే బ్యాలెట్ పత్రంపై చేతి తుపాకుల నియంత్రణకు సంబంధించిన 15వ ప్రతిపాదన కూడా ప్రజల తీర్పు కోసం నిలిచింది. దానిని ఓడించడానికి గ్రామీణ ప్రాంతాల ఓటర్లు, తుపాకీ హక్కుల సమర్థకులు తండోపతండాలుగా కదిలివచ్చారు. ప్రతిపాదన భారీ తేడాతో వీగిపోయింది. దానికోసం వచ్చినవారిలో అత్యధికులు గవర్నర్ పదవికి ఎవరికి ఓటు వేసి ఉంటారో ఊహించడం కష్టం కాదు. జాతి వివక్ష ఆ ఎన్నికలో పనిచేయలేదని చెప్పడం సాహసమే అవుతుంది. అది పనిచేసే ఉంటుంది. కాని వివక్షతో ఓటు వేయడం వేరు, సర్వేకర్తకు అబద్ధం చెప్పడం వేరు. మొదటిది జరిగినంత మాత్రాన రెండవదీ జరిగిందని తేల్చడం లక్షలాది ఓటర్ల మీద విచారణ లేకుండా వేసిన ముద్ర.

ఓటరు చెప్పే మాటకు చెప్పించుకునేవారిని బట్టి రంగు మారుతుందన్నది మాత్రం కాదనలేని సత్యం. 1989లో వర్జీనియాలో ఇది నిరూపణ అయింది. నల్లజాతి డెమొక్రాట్ డగ్లస్ వైల్డర్ పది శాతం తేడాతో నెగ్గుతారని పోలింగ్ నాటి ఎగ్జిట్ పోల్ ఒకటి చెప్పింది. ఆయన నెగ్గారు, కాని 18 లక్షల ఓట్లలో 6,741 ఓట్ల తేడాతో. అమెరికాలో ఎన్నికైన తొలి నల్లజాతి గవర్నర్ అయ్యే గౌరవం ఆయనకు దక్కినా, తిరిగి లెక్కింపు ముగిసేదాకా గుండె దడ తప్పలేదు. ఆ ఎన్నికలో ఒక సర్వే సమాధానాలను ముగ్గురు పరిశోధకులు తరువాత విశ్లేషించగా, ప్రశ్న అడిగిన వ్యక్తి నల్లజాతివారైనప్పుడు శ్వేతజాతి ఓటర్లు వైల్డర్‌కు మద్దతు చెప్పడం 8 నుంచి 11 శాతం పెరిగినట్లు తేలింది. దీనిని అబద్ధమనడం కంటే మర్యాద అనడం సబబు. ఇంటికి వచ్చిన మనిషి ముఖం చూసి, వారికి నొప్పి కలగని జవాబు చెప్పడం మన ఊళ్లలోనూ లేనిది కాదు. మన దగ్గర కూడా అడిగేవారి కులమేమిటి, ఏ పార్టీ తరఫున వచ్చారు అన్న సందేహం తీరనిదే జవాబు రాదు. తీరినా వచ్చేది ఆ సందేహానికి తగిన జవాబే.

ఈ మర్యాద కూడా కాలంతోపాటు తగ్గింది. 1989 నుంచి 2006 వరకు జరిగిన 180 గవర్నర్, సెనేట్ ఎన్నికలను పరిశీలించిన డేనియల్ హాప్కిన్స్ అనే రాజనీతి శాస్త్రవేత్త, 1990ల మధ్యకాలం తరువాత నల్లజాతి అభ్యర్థుల విషయంలో ఇటువంటి తేడా కనుమరుగైందని తేల్చారు. 2006లో మసాచుసెట్స్‌లో డెవల్ పాట్రిక్ గవర్నర్‌గా గెలిచారు. వర్జీనియాలోనే 2025 నవంబర్‌లో హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. అంతకు మూడేళ్ల ముందు మేరీలాండ్‌లో అదే పదవికి ఎన్నికైన అరుణా మిల్లర్ జన్మస్థలం కూడా హైదరాబాదే. వలస వచ్చిన స్త్రీల పేర్లు బ్యాలెట్‌పై కనిపించే ఈ రోజుల్లో అక్కడి సర్వేలను తప్పుదారి పట్టిస్తున్నది మర్యాద అబద్ధం కాదు.

మరి ఏది? 1998లో మిన్నెసోటా దీనికి సమాధానం చెప్పింది. మాజీ కుస్తీ యోధుడు జెస్సీ వెంచురా రిఫార్మ్ పార్టీ అభ్యర్థిగా నిలబడితే సర్వేలు ఆయనను మూడవ స్థానంలోనే ఉంచుతూ వచ్చాయి. ఆయన 37 శాతం ఓట్లతో గెలిచారు. ఆ రాష్ట్రంలో పోలింగ్ రోజునే పేరు నమోదు చేయించుకుని ఓటు వేయవచ్చు. ఆ రోజు ఓటు వేసినవారిలో దాదాపు ఆరుగురికి ఒకరు అలా అప్పటికప్పుడు పేరు నమోదు చేయించుకున్నవారే. ‘ఓటు వేసే అవకాశం ఉన్నవారు’ అన్న జల్లెడలో సర్వేకర్తలు ముందుగానే ఏరి పారేసిన మనుషులు వారు. గతంలో ఓటు వేయని యువకుడు ఈసారీ వేయడని ఊహించడంలో తప్పేమీ లేదు, అతను నిజంగా వచ్చేదాకా.

న్యూజెర్సీ అనుభవం మరింత తాజాది. 2021లో డెమొక్రాట్ గవర్నర్ ఫిల్ మర్ఫీకి 11 శాతం ఆధిక్యం ఉందని మాన్‌మౌత్ విశ్వవిద్యాలయం చివరి సర్వే చెప్పింది. రిపబ్లికన్ జాక్ చిట్టరెల్లిపై ఆయన గెలిచినది దాదాపు మూడు శాతం తేడాతో. ఆ సర్వే అధిపతి పాట్రిక్ మర్రే తప్పు తనదేనని పత్రికాముఖంగా రాసి, క్షమాపణ కోరారు. ఓటరు మీద నెపం వేయకుండా తనమీదే వేసుకున్న సర్వేకర్తలు అరుదు గనుక ఈ సంగతి గమనార్హం. నాలుగేళ్ల తరువాత, 2025లో అదే చిట్టరెల్లి మళ్లీ పోటీ చేశారు. డెమొక్రాటిక్ అభ్యర్థి మైకీ షెరిల్‌కు పెక్కు సర్వేలు ఒక అంకె ఆధిక్యమే చూపాయి. కొన్ని పోటాపోటీ అన్నాయి. ఆమె 13 శాతానికి పైగా తేడాతో విజయం సాధించారు. రాష్ట్రం అదే, అభ్యర్థి అతనే. ఒకసారి తప్పు ఒకవైపు, మరోసారి రెండవ వైపు. రిపబ్లికన్ ఓటర్లు సిగ్గుపడి నోరు విప్పడం లేదన్న సిద్ధాంతం ప్రకారం రెండవసారి కూడా మొదటివైపే తప్పాలి కదా!

అసలు నోరు విప్పేవారే తగ్గిపోయారు. టెలిఫోన్ సర్వేలకు 1997లో 36 శాతం మంది జవాబు ఇచ్చేవారని, 2018 నాటికి అది ఆరు శాతానికి దిగిందని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం తన సర్వేల గురించి తానే వెల్లడించింది. అంటే వందమందికి ఫోను చేస్తే తొంభై నలుగురు మాట్లాడరు. మాట్లాడిన ఆరుగురికి వయసు, విద్య, జాతి, ప్రాంతాల వారీగా తూనికరాళ్లు వేసి మిగిలినవారి మనసు కనిపెట్టాలి. వెయ్యి మంది నమూనాకు మూడు శాతం అటూ ఇటూ కావచ్చునని సర్వేల అడుగున రాస్తారు. ఆ మూడు శాతం ఒక్కొక్క అభ్యర్థి అంకెకు వర్తించేది. ఇద్దరి మధ్య తేడాకు అది దాదాపు రెట్టింపు అవుతుంది. పైగా జవాబు చెప్పకుండా ఫోను పెట్టేసినవారి వల్ల కలిగే లోపం అందులో చేరి ఉండదు. అయిదు శాతం ఆధిక్యాన్ని గెలుపుగా చాటే పతాక శీర్షికలు ఈ సంగతి చెప్పవు.

మన దేశంలో సర్వేల చరిత్ర ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. 2004లో జాతీయ ప్రజాస్వామ్య కూటమి పరాజయాన్ని సర్వేలు పసిగట్టలేకపోయాయి. 2024 జూన్ 1 సాయంత్రం టెలివిజన్ చానళ్లలో వెల్లువెత్తిన ఎగ్జిట్ పోల్స్ అనేకం అదే కూటమికి 350కి పైగా స్థానాలు కట్టబెడితే, మూడు రోజుల తరువాత లెక్క 293 వద్ద ఆగింది. బీజేపీ సొంతంగా 240 స్థానాలకు పరిమితమైంది. జోస్యాలను నమ్మి జూన్ 3న ఎగసిన షేర్ మార్కెట్ మర్నాడు కుప్పకూలి చిన్న మదుపుదారుల చేతులు కాల్చింది. అప్పుడూ ఓటరు గుంభనంగా ఉన్నాడనే అన్నారు. ఎన్ని నియోజకవర్గాల్లో, ఎందరిని, ఏ వర్గాల నుంచి ఎంచి అడిగారో, ఓట్లను సీట్లుగా ఎలా మార్చారో విడమరిచి చెప్పిన సంస్థలు స్వల్పం.

అమెరికాలో వాక్ స్వాతంత్ర్యానికి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ వల్ల సర్వేలను నిషేధించడం సాధ్యం కాదు. పోలింగ్ కేంద్రానికి 300 అడుగుల లోపల ఎగ్జిట్ పోల్ జరపరాదని వాషింగ్టన్ రాష్ట్రం 1983లో చేసిన చట్టాన్ని 1988లో ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం కొట్టివేసింది. నిషేధం లేకపోయినా, సర్వేకర్తల వృత్తి సంఘం తమ సభ్యులు నమూనా పరిమాణం, ప్రశ్నల పాఠం, ఖర్చు భరించినవారి పేరు వెల్లడించాలని నియమం పెట్టుకుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెదకడానికి పరిశోధకులకు దారి దొరుకుతున్నది అందువల్లనే.

మన చట్టం ఇందుకు భిన్నమైన మార్గం ఎంచుకుంది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2009లో చేర్చిన 126ఎ సెక్షన్ ఎన్నికల సంఘం నిర్దేశించిన వ్యవధిలో ఎగ్జిట్ పోల్స్ జరపడాన్నీ ప్రచురించడాన్నీ నిషేధిస్తుంది. చివరి విడత పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఆ నిషేధం అమలులో ఉంటుంది. ఉల్లంఘించినవారికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అరగంట దాటిన తరువాత, ఎవరిని అడిగారో చెప్పకుండా ఏ అంకెనైనా ప్రకటించినవారికి ఆ సెక్షన్‌లో శిక్ష ఏదీ లేదు.